కూడలి కాగితాలు

నాలుగు రోడ్లు కలిసే ఆ కూడలి పక్కనే సెలూన్ నడిపే ఆవిడను చిన్నా పెద్దా అందరూ కత్తెరక్క అనే పిలిచేవారు. ఆడా మగా తేడా లేకుండా అందరి జుట్టూ కత్తిరించేది. చెయ్యి ఎంత చురుకో నోరు అంతకు రెండింతలు చురుకు. ఆవిడ కుర్చీలో కూర్చున్నవాళ్ళు అడక్కుండానే ఇంటి సంగతులన్నీ చెప్పేసి, లేచేటప్పుడు నాలిక్కరుచుకునేవాళ్ళు. అలాంటి మనిషి ఆ ఏడు చలికాలమంతా నోటికి తాళం వేసుకున్నట్టు పనిచేసింది. కారణం ఆవిడ చెల్లెలు.

చెల్లెలు బళ్ళో పిల్లలకు బొమ్మలు నేర్పే టీచరు. ఒకరోజు మధ్యాహ్నం చంకలో చార్టుల చుట్ట పెట్టుకుని ఆ కూడలి దాటుతుంటే, పక్కరోడ్డులోంచి మలుపు తిరిగిన లారీ ఆమెను గుద్దేసింది. తుంటి ఎముక విరిగింది. నెలల తరబడి మంచం మీదుంది. లేచాక చేతికర్ర వచ్చింది. అదంతా ఆమె పంటిబిగువున భరించింది. భరించలేకపోయింది ఒక్క మాటని. ఆసుపత్రికి వచ్చిన పోలీసాయన తను రాసుకున్నది చదివి వినిపించాడు: "సిగ్నల్ గమనించకుండా నిర్లక్ష్యంగా రోడ్డు దాటినందున."

"పచ్చదీపమే ఉందక్కా," అని మొదట్లో పదేపదే చెప్పేది. "నడిచే మనిషి బొమ్మ వెలుగుతోంది. రోజంతా బొమ్మలు గీసేదాన్ని, బొమ్మ వెలిగిందో లేదో నాకు తెలీదా?"

తర్వాత చెప్పడం మానేసింది. బడికి తిరిగి వెళ్ళిన మొదటి వారంలోనే గేటు దగ్గర ఒక తల్లి తన పిల్లతో "టీచరుగారిలా చూడకుండా దాటకే" అనడం ఆమె చెవిన పడింది. ఆ సాయంత్రం అక్క దగ్గరికొచ్చి, అద్దం ముందు కుర్చీలో కూలబడి, "నేనే సరిగ్గా చూసుండనేమోలే," అంది.

కత్తెరక్కకు ఒళ్ళు భగ్గున మండింది. లారీవాడి మీద కన్నా, పోలీసాయన మీద కన్నా, ఆ "ఏమోలే" మీద ఎక్కువ మండింది. చిన్నప్పుడు దొంగిలించని పెన్సిలు దొంగిలించావన్నందుకు రెండు రోజులు అన్నం మానేసిన పిల్ల ఇది. ఇప్పుడు చెయ్యని తప్పు తనంతట తనే నెత్తికెత్తుకుంటోంది.

ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు. తోచినరోజు ఆవిడ పోస్టుమాన్ జుట్టు కత్తిరిస్తోంది. చెవి వెనక దువ్వెన పెట్టి జుట్టు పక్కకు తీసేసరికి వేలెడు పొడవున కుట్ల మచ్చ కనబడింది.

"ఇదెక్కడిదయ్యా?"

"ఇక్కడిదే అక్కా. నీ షాపు బయటిదే. పోయినేడు దాటుతుంటే పక్కరోడ్డులోంచి వ్యానొకటి తిరిగింది."

కత్తెర ఆగింది. "ఎర్రదీపంలో దాటావా?"

"నాకేం పిచ్చా? పచ్చే. కాగితంలో మాత్రం నేనే చూసుకోలేదని రాసుకున్నారు. ఎవరితో పడతాం, వదిలేశా."

ఆ రోజు నుంచి ఆవిడకు నోరు తిరిగొచ్చింది. మచ్చ కనబడితే చాలు, ఎక్కడిదని అడిగేది. కొందరివి చిన్ననాటి చెట్ల మీంచి పడ్డవి, కొందరివి వంటింటివి. కానీ మాటిమాటికీ ఒకటే జవాబు వచ్చేది: ఇక్కడిదే, సిగ్నల్ దగ్గరిదే. తలమీద లేనివాళ్ళు మోచెయ్యి మడిచి చూపించారు. ఒకాయన ప్యాంటు పైకి లాగి మోకాలు చూపించబోతే, పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ "ఇది సెలూనా ఆసుపత్రా?" అని విసుక్కుంది. విసుక్కుంటూనే తన మణికట్టు కూడా చూపించింది.

ప్రమాదం జరిగినప్పుడల్లా పోలీసులు ఒక కాగితం రాసి, నకలు రోడ్ల ఆఫీసుకు పంపుతారని కత్తెరక్కకు తెలుసు. చెప్పింది మరిది, అంటే చెల్లెలి మొగుడు. అతను ఆ ఆఫీసులోనే రోడ్ల మీద తెల్లగీతలు వేసే ముఠాకు మేస్త్రి. ఒక మంగళవారం షాపు మూసి, ఆవిడ ఆ ఆఫీసుకు వెళ్ళింది.

కౌంటర్ వెనక గుమాస్తా మర్యాదగానే విన్నాడు.

"మా జంక్షన్‌లో జరిగిన ప్రమాదాల కాగితాలన్నీ కావాలి బాబూ. ఎన్ని జరిగాయి, ఎలా జరిగాయి, ఎవరిది తప్పని రాశారు, అన్నీ."

"అన్నీ అంటే ఇవ్వరండీ. అవి వ్యక్తిగత వివరాలు. ఎవరి కాగితం వాళ్ళకే ఇస్తాం."

"పేర్లు కొట్టేసి ఇవ్వండి. నాకు పేర్లెందుకు?"

"అలా కొట్టేసి ఇచ్చే పద్ధతి లేదండీ."

"మరి ఏ పద్ధతుందో ఆ పద్ధతిలోనే అడుగుతా, చెప్పండి."

రాసి ఇమ్మన్నాడు. రాసిచ్చింది. జవాబు కోసం చెప్పులరిగేలా తిరిగింది. పోలీసుల దగ్గరికి వెళ్తే రోడ్ల ఆఫీసు చూసుకుంటుందన్నారు, రోడ్ల ఆఫీసుకు వెళ్తే పైఅధికారి సెలవులో ఉన్నారన్నారు. చివరికి వచ్చిన జవాబు మూడు వరుసలు. సంబంధం లేని వ్యక్తులకు వివరాలు ఇవ్వడం కుదరదు. అదీగాక, సదరు కూడలిలో చెప్పుకోదగ్గ ప్రమాదాలేవీ నమోదు కాలేదు.

కత్తెరక్క ఆ జవాబు మీద పైకి అప్పీలు రాసి పంపింది. కాగితాన్ని అద్దం మూలన అతికించి, వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించింది. "చెప్పుకోదగ్గవి లేవంట. లేనివాటిని ఇంత పదిలంగా దాచడం ఎందుకో!"

ఆ వారం మరిది మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"వదినా, ఇవాళ మా ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచాడు. ఆ సెలూనావిడ నీకేమవుతుందని అడిగాడు. ఆమెకు కాస్త చెప్పు, అన్నాడు. నేను గీతలు గీసుకుని బతికేవాణ్ణి. నా కొంప ముంచకండి."

"నీ పెళ్ళాం నడక చూస్తున్నావా మరిదీ?"

"రోజూ చూస్తున్నా. మీకన్నా ఎక్కువే చూస్తున్నా." కిటికీలోంచి కూడలి వైపు చెయ్యి చూపించాడు. "ఆ దాటేచోట తెల్లపట్టీలు వేసింది ఎవరనుకున్నారు? నేనే. నా చేత్తో నేను గీసిన పట్టీల మీదే పడిపోయి ఉంది. ఇంక దాన్ని కెలకొద్దు. దానికి మనశ్శాంతి కావాలి."

లోపలి గదిలోంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. ఎప్పుడొచ్చిందో, చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది.

"నాకు మనశ్శాంతి కావాలని నేనెవరికి చెప్పాను?" అంది భర్తతో. తర్వాత అక్క వైపు తిరిగింది. "ఎవరి కాగితం వాళ్ళకే ఇస్తామన్నారు కదా? అయితే నాది నేనే అడుగుతా. ఆ మాట నేను నా కళ్ళతో చదవాలి. ఇన్నాళ్ళూ ఒకరు చదివి వినిపించిందే విన్నాను."

అక్కడే కత్తెరక్క బుర్రలో దీపం వెలిగింది. ఎవరి కాగితం వాళ్ళకైతే, పడ్డవాళ్ళంతా ఒకేసారి వెళ్ళి అడిగితే అందరి కాగితాలూ బయటికొస్తాయి. ఆఫీసు తలుపు మూసేశామనుకుంటూ చేతికి తాళంచెవి ఇచ్చింది.

మచ్చ చూపించిన ప్రతివాళ్ళకీ కబురు పెట్టింది. కొందరు మాకెందుకొచ్చిన గొడవ అని తప్పుకున్నారు. పోస్టుమాన్ మాత్రం ఉత్తరాలతో పాటు కబురూ బట్వాడా చేశాడు. తెలియని ఇళ్ళకు కూడా చేర్చాడు. కూడలికి అవతల బేకరీ నడిపే పిన్ని తనంతట తనే వచ్చింది. వీధి మొత్తానికి ఆవిడ పిన్నే. రెండేళ్ళ క్రితం ఆవిడ భర్త ఆ కూడలిలోనే పోయాడు.

"నన్ను పిలవలేదేమే?" అని నిలదీసింది.

"నిన్నెందుకు కష్టపెట్టడమని పిన్నీ."

"కష్టం నాకు కొత్తా? మీ బాబాయి కాగితంలో ఏం రాశారో నాకూ చూడాలనుంది."

అనుకున్న రోజు పొద్దున్నే ఆఫీసు తలుపులు తీసేసరికి వరండా నిండిపోయి ఉంది. కర్రలు పట్టుకున్నవాళ్ళు, చెయ్యి సరిగ్గా చాపలేనివాళ్ళు, చక్రాల కుర్చీలో ఒక కాలేజీ అమ్మాయి, పాట్లు పడి మెట్లెక్కిన పెద్దాయన. ఎవరూ అరవలేదు. నినాదాలు రాసిన అట్టముక్కలు పట్టుకోలేదు. ఒకరి వెనక ఒకరు బుద్ధిగా నిలబడ్డారు. చప్పుడు విని ఆఫీసరు గదిలోంచి బయటికొచ్చాడు. నున్నగా దువ్వుకున్న మనిషి, చేతిలో కాఫీ కప్పు.

"ఏంటిదంతా? ధర్నానా?"

"అయ్యో, కాదండీ. క్యూ," అంది కత్తెరక్క.

"ఇంతమందికి నాతో ఏం పని?"

"మా జంక్షన్‌లో చెప్పుకోదగ్గ ప్రమాదాలు లేవని మీరే రాశారు కదండీ. ఆ చెప్పుకోదగనివాళ్ళమంతా వచ్చాం. ఎవరి కాగితం వాళ్ళకు ఇప్పించండి, వెళ్ళిపోతాం."

వరుసలో నవ్వులు పుట్టాయి. ఆఫీసరు కప్పు పక్కన పెట్టి గుమాస్తాకు సైగ చేశాడు. రూలు ఆయన రాసిందే. కాదనడానికి దారి లేదు. గుమాస్తా బీరువాలు తెరిచాడు. ఒక్కొక్కరే పేరూ తారీఖూ చెప్పడం, అతను వెతికి తియ్యడం, నకలు చేసి ఇవ్వడం. తీసుకున్నవాళ్ళు అక్కడే నిలబడి చదువుకున్నారు. "నిర్లక్ష్యంగా" అని ఒకరు పైకి చదివారు. "నాకూ అదే," అన్నారింకొకరు. చక్రాల కుర్చీ అమ్మాయి తన కాగితం రెండుసార్లు చదివి, "ఇది నా గురించేనా?" అని గుమాస్తానే అడిగింది. అతను గబగబా తర్వాతివాళ్ళ తారీఖు అడిగాడు.

చెల్లెలి వంతు వచ్చింది. కాగితం అందుకుని, కర్ర గోడకు ఆనించింది. చివరిదాకా చదివింది. "చూసినవాళ్ళు ఎవరని రాశారో తెలుసా అక్కా? లారీ డ్రైవరు. ఇంకెవర్నీ అడగనేలేదు. నన్ను కూడా."

తర్వాత బేకరీ పిన్ని.

"ఎవరి కాగితమండీ?"

"మా ఆయనది బాబూ."

గుమాస్తా అలసిపోయి ఉన్నాడు. తలెత్తకుండానే అన్నాడు: "ఆయన్నే రమ్మనాలండీ. రూలు."

వరుసలో వెనకవాళ్ళు ముందుకు జరిగారు. గుమాస్తా తలెత్తి చూశాడు.

"పోయారు బాబూ," అంది పిన్ని. "అక్కడే పోయారు."

అతను లేచి నిలబడ్డాడు. "క్షమించండమ్మా. నేను..." అంటూ రూల్స్ పుస్తకం పేజీలు గబగబా తిప్పాడు. ఆఫీసరు ముందుకొచ్చి, "చనిపోయినవారి విషయం రూలులో లేదమ్మా. పైనుంచి తెలుసుకుని చెప్తాం, మీరు మళ్ళీ రండి," అన్నాడు.

పిన్ని గొంతు పెంచలేదు. "మీ రూలులో లేకపోతేనేం, మీ రోడ్డు మీద ఉన్నాడు కదయ్యా. ఆయన్ని రూలులోకి ఎక్కించేదాకా నేనిక్కణ్ణించి కదలను."

అని కౌంటర్ ముందే నేలమీద చతికిలబడింది.

కాగితాలు చేతికొచ్చినవాళ్ళు ఇళ్ళకు వెళ్ళొచ్చు. ఒక్కరూ వెళ్ళలేదు. పోస్టుమాన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పెద్దాయన మెట్టు మీద కూర్చోబోయి వంగలేకపోయాడు. అంతలో లోపలి నడవాలోంచి ఏదో ఈడుస్తున్న చప్పుడు. రంగు మరకల బట్టల్లో మరిది, ఆఫీసరు గారి మీటింగు గదిలోని మెత్తటి కుర్చీలు రెండేసి చొప్పున లాక్కొస్తున్నాడు.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" అన్నాడు ఆఫీసరు.

"కూర్చోబెడుతున్నాను సార్. వీళ్ళు నిలబడలేరు." ఒక కుర్చీ పెద్దాయన ముందు వేశాడు. ఒకటి పిన్ని దగ్గర వేసి, చెయ్యి పట్టి లేపి కూర్చోబెట్టాడు. మూడోది భార్య పక్కన వేశాడు. ఆమె అతని వంక చాలాసేపు చూసింది. అతను మాత్రం ఇంకో రెండు కుర్చీల కోసం లోపలికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఆఫీసరు కత్తెరక్కను గదిలోకి పిలిచాడు. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు.

"చూడండమ్మా, నేనూ మనిషినే. మీ చెల్లెలి కాగితంలో ఆ వాక్యం మార్పిస్తాను. ఈ వారంలోనే. మీ బాధ మీకు తీరుతుంది. మిగతావాళ్ళ గోల మీకెందుకు? వీళ్ళందర్నీ పంపించెయ్యండి."

కత్తెరక్క వచ్చింది దీనికోసమే. ఆ ఒక్క మాట పోతే చెల్లెలు మళ్ళీ మునుపటి చెల్లెలవుతుందని కదా ఇన్నాళ్ళూ తిరిగింది. సరే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. తలుపు అద్దంలోంచి చూస్తే, చెల్లెలు పిన్ని చేతిని తన ఒళ్ళో పెట్టుకుని ఏదో చెబుతోంది.

"ఆ కాగితం నాది కాదండీ," అంది చివరికి. "ఎవరి కాగితం వాళ్ళదే అన్నది మీరే. ఆవిడనే అడగండి."

చెల్లెలిని పిలిపించారు. ఆఫీసరు అదే మాట మళ్ళీ చెప్పాడు. ఆమె కర్ర మీద బరువు మోపి, మొత్తం విన్నది.

"మార్చండి. మార్చాల్సిందే," అంది. "కానీ ఇలా తలుపు మూసి కాదు. ఆ బయట ఉన్నవాళ్ళందరి కాగితాలూ అందరి ముందే సరిచెయ్యండి. వాటితో పాటే నాదీను. ముందు బేకరీ బాబాయిది."

ఆఫీసరు ఒప్పుకోలేదు. పిన్ని కదల్లేదు. ఆఫీసు మూసేవేళకు పోలీసులు వచ్చి, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళను చూసి, వీళ్ళను ఎలా లేపాలో తెలియక పైవాళ్ళకు ఫోను చేశారు. ఫోటో ఎవరు తీశారో గానీ మర్నాడు పత్రికలో పడింది. దాంతో కత్తెరక్క అప్పీలు దుమ్ము దులుపుకుని పైకి లేచింది. విచారణ తారీఖు చెప్పాకే పిన్ని కుర్చీలోంచి లేచింది.

అప్పీలు విచారించిన పైఅధికారిణి మితభాషి. ఆఫీసరు ఇచ్చిన వివరణంతా విని, ఒక్క ప్రశ్న అడిగింది: "ఇవి దాచడం వల్ల ఎవరికి మేలు జరుగుతోంది?" ఆయన జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ కూడలి కాగితాలు పేర్లు తీసేసి, అడిగినవాళ్ళందరికీ ఇవ్వాలని ఆవిడ తీర్పు రాసింది. చనిపోయినవాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళు అడగొచ్చని కూడా రాసింది.

కాగితాల కట్ట వచ్చిన ఆదివారం సెలూన్ మూసి, కుర్చీలు గోడకు జరిపారు. చెల్లెలు నేలమీద పెద్ద కాగితం పరిచి, కూడలి మొత్తం గీసింది. తెల్లపట్టీలు ఎక్కడెక్కడో మరిది చెప్పాడు. ఒక్కో కాగితం కత్తెరక్క చదువుతుంటే, మనిషి పడ్డచోట చెల్లెలు ఎర్రచుక్క పెట్టింది. చనిపోయినచోట నల్లచుక్క. సాయంత్రమయ్యేసరికి మూడు వైపులా అక్కడొకటి అక్కడొకటి ఉన్నాయి. నాలుగో వైపు, పక్కరోడ్డు మూతి దగ్గర, చుక్క మీద చుక్క పడి కాగితం తడిసిపోయింది. అక్కడ నడిచేవాళ్ళకూ మలుపు తిరిగే బళ్ళకూ ఒకేసారి పచ్చదీపం పడుతుంది. అందరూ పచ్చలోనే వచ్చారు, అందరూ పచ్చలోనే గుద్దుకున్నారు. తప్పు మాత్రం ప్రతిసారీ పడినవాళ్ళదే అయింది.

పిన్ని ఆ బొమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నల్లచుక్కను వేలితో ముట్టుకుంది. "ఇన్నాళ్ళూ ఈయన ఒక్కడే పరధ్యానంగా నడిచాడనుకున్నా," అంది. "రోజూ ఫోటో ముందు తిట్టుకునేదాన్ని." కత్తెరక్క ఆవిడకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

బొమ్మను సెలూన్ కిటికీ అద్దానికి, వీధి వైపు కనబడేలా అతికించారు. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతి బండీ దాన్ని చూడాల్సిందే. మూడోరోజు ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చాడు.

"తీసెయ్యమన్నారండీ. జనం భయపడుతున్నారంట."

"భయపడనీ. భయపడితే ఆగుతారు," అంది కత్తెరక్క. "అద్దం నాది, కిటికీ నాది. చుక్కలు మీవి. మీవి మీరు తగ్గించండి, నా బొమ్మ నేను తీసేస్తా."

వానాకాలం మొదట్లో ఇంజనీర్లు వచ్చి కొలతలు తీసుకున్నారు. కొన్నాళ్ళకు సిగ్నల్ పెట్టె మార్చారు. ఇప్పుడు నడిచేవాళ్ళు దాటుతున్నంతసేపూ పక్కరోడ్డు బళ్ళకు ఎర్రదీపమే. మొదటిరోజు పోస్టుమాన్ పనేమీ లేకపోయినా అటూ ఇటూ దాటి చూశాడు. ఆగిన లారీల వంక చెయ్యి ఊపాడట. మరిదిని మాత్రం ఊరవతలి దూరపు రోడ్లకు మార్చేశారు. రోజూ తెల్లారకుండానే బయల్దేరాలి. విసుక్కుంటూనే వెళ్తున్నాడు గానీ, కుర్చీల సంగతి ఎవరైనా ఎత్తితే మీసం చాటున నవ్వుకుంటాడు.

అందరూ ఇక అయిపోయిందనుకున్నారు. కత్తెరక్క కూడా అనుకుంది. ఒక శుక్రవారం చెల్లెలు బడినుంచి నేరుగా షాపుకొచ్చింది. చేతిలో కవరు.

"మేమడిగిన సవరణ పంపించారు అక్కా. చదువు."

పాత కాగితం నకలే. "నిర్లక్ష్యంగా" అన్న మాట అలాగే ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఒక వరుస కలిపారు: పై విషయంపై భిన్నాభిప్రాయం కలదు.

"పోనీలేవే," అంది కత్తెరక్క, అలసటగా. "సిగ్నల్ మారింది కదా. ఇంకెవరూ పడరు. మాటదేముంది?"

"అభిప్రాయమా?" చెల్లెలి ముక్కుపుటాలు అదిరాయి. "నా ఎముక విరగడం అభిప్రాయమా? పచ్చదీపం అభిప్రాయమా? పోస్టుమాన్‌కీ ఇదే వరుస వచ్చింది. ఆ కాలేజీ అమ్మాయికీ ఇదే. అందరికీ ఒకే అచ్చు గుద్ది పంపారు. ఆ మాట కొట్టేసేదాకా వదలను."

కత్తెరక్క చెల్లెలి మొహం అద్దంలో చూసింది. అన్నం మానేసిన ఆ పిల్లే. కడుపు నిండినట్టయింది. కత్తెర పక్కన పెట్టి, ఏప్రన్ ముడి విప్పబోయింది.

"ఉండు, నేనూ వస్తా. సోమవారం షాపు మూస్తాను."

"నువ్వెందుకు? నీ పని నువ్వు చూసుకో." చెల్లెలు కవరు సంచిలో పెట్టుకుని, కర్ర అందుకుంది. "నేనూ, పోస్టుమానూ, ఆ అమ్మాయీ వెళ్తున్నాం. పిన్ని కూడా వస్తానంది. ఈసారి పిన్ని తన కుర్చీ తనే తెచ్చుకుంటుందట."